తొక్కు, వదులు

మూడుసార్లు బల్బులు మార్చారట.
ముందు సోంపేటలో, తర్వాత మందసలో.
చివరికి మా కాశీబుగ్గ బజారులోనే ఒకడు
ఫ్యూజు పీకేసి, సిగరెట్టు పెట్టె రేకు చుట్టి
"ఇంక జన్మలో పోదు" అని పంపించాడు.

లోకనాథం ఓమ్నీ వెనక తలుపు ఎత్తగానే
బారువ సముద్రం నా మొహం మీద పడింది.
పెట్టెలు దించేసినా
ఐసు కరిగిన ఉప్పునీళ్లు రేకు మడతల్లో ఉండిపోయాయి.
"రోజూ కడుగుతాను మేస్త్రీ" అన్నాడు,
నేనేమీ అడక్కుండానే.

"సీట్లో కూర్చో. చెప్పినప్పుడు తొక్కు."
తొక్కాడు.
వెనక ఎర్రలైట్లు రెండూ జ్వరం కళ్లలా
అడుగునెక్కడో కాస్త ఎర్రబడి ఊరుకున్నాయి.
బండి ముందునుంచి మా కూర్మారావు అరిచాడు:
"మేస్త్రీ, ఇటేపు ఇండికేటరు ఎలుగుతున్నాదేటి!"
వదులు. ఆరింది.
తొక్కు. మళ్లీ అదే.
ఆగుతున్నానని వెనకవాళ్లకి చెప్పాల్సిన మాట
ఎదురొచ్చేవాళ్ల దగ్గర గొణుగుతోంది బండి.

ఇలాంటప్పుడు నేను బల్బు జోలికి పోను.
టెస్టు లాంపు క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి కరిపించి
మొన హోల్డరులో గుచ్చాను.
నిండుగా వెలిగింది.
కరెంటు వస్తోంది. రావడంలో లోటు లేదు.
తిరిగి పోయే దారే మూసుకుపోయింది.
దారి మూస్తే అది బుద్ధిగా నిలబడదు,
పక్క ఫిలమెంటులోకి దూరి
పసుపు వైరు పట్టుకుని బండి పొడుగునా పాకి
ముందు బల్బులోంచి సగం ప్రాణంతో బయటపడుతుంది.

గోనెపట్టా కింద, ఎండిన పొలుసుల కింద
దొరికింది బోల్టు.
రెండు లైట్లకీ ఎర్తు అదొక్కటే.
నల్లవైరు చివర రింగు ఉండాల్సిన చోట పచ్చటి పిండి.
గోటితో గీస్తే రాలింది.

లోకనాథం దిగి వచ్చాడు.
ఆ పొడి వేలికి అద్దుకుని ఎండలో పట్టి చూశాడు.
"ఇదెన్నాళ్లది మేస్త్రీ?"

నేను తల ఎత్తలేదు. అతనే చెప్పాడు.
"మొన్న అక్టోబర్ల, హరిపురం కాడ, గేదె అడ్డొచ్చింది.
బ్రేకేసేను.
ఎనకాల మోటార్‌సైకిలు మీద గుంటడు, డిగ్రీ సదువుతున్నాడు,
కాలు రెండు సోట్ల ఇరిగిపోయింది.
ఇప్పుడు నడుస్తన్నాడులే.
ఆల నాయిన ఆస్పత్రిల అడిగాడు, లైటెలిగిందేటి అని.
ఎలిగిందని సెప్పీసేను.
నాకేటి తెలుసు?
నాను ముందల కదా కూకుంటాను."

పంతొమ్మిదేళ్లుగా ఇదే పని.
తుప్పు వయసు నాకు తెలుసు.
ఒక వాన తిన్న పచ్చ వేరు,
రెండు వానలు తిన్న పచ్చ వేరు.

"ఉప్పుగాలి కదా," అన్నాను, "చెప్పలేం."
గరుకు కాగితం అందుకున్నాను.

రేకు తెల్లబడేదాకా రుద్దాను.
కొత్త రింగు నొక్కి, బోల్టు బిగించి, పైన గ్రీజు పులిమాను.
సిగరెట్టు రేకు విసిరేసి పది ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను.
ఇంత చేసేసరికి పొద్దుగూకింది,
జీడిపిక్కలు కాల్చిన వాసన వీధిలోకి దిగింది.

"ఈసారి నువ్వు వెనక్కి వెళ్లు. నేను తొక్కుతాను."
తొక్కాను.
అద్దంలో లోకనాథం మొహం ఒక్కసారి ఎర్రగా పుట్టుకొచ్చింది,
నుదుటి ముడతలూ, గడ్డంలో అతుక్కున్న పొలుసుతో సహా.
వదిలాను. మనిషి లేడు.
"ఇంకోసారి" అన్నాడు చీకట్లోంచి.
తొక్కాను.
పన్నెండేళ్లు నడిపిన బండి లైటు
మొదటిసారి చూస్తున్నవాడి మొహం.
"ఇంకోసారి."
కూర్మారావు షట్టరు సగం దించి నావైపు చూశాడు.
నేను తొక్కుతూనే ఉన్నాను.

నూట యాభై ఇచ్చి వెళ్లాడు.
హైవే మలుపు దాకా రోడ్డు ఖాళీ.
గేదె లేదు, మనిషి లేడు.
అయినా బ్రేకు వేశాడు.
రెండూ వెలిగాయి.
నాలుగు బారలు పోయి
మళ్లీ వేశాడు.